మెడల్ వద్దు, ఒక సెమిస్టర్ ఇప్పించండి

డిసెంబరు వచ్చిందంటే అమెరికాలోని మన తెలుగు సంఘాలు ఊళ్లలో చేసే సేవా కార్యక్రమాల ఫోటోలు వరసగా వస్తాయి. బడికి బెంచీలు, ఆడపిల్లలకు సైకిళ్లు, కంటి పరీక్షల శిబిరం, ఇంజనీరింగ్ చదివే పిల్లలకు స్కాలర్‌షిప్ చెక్కులు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లోనూ ఇవి జరుగుతుంటాయి. వీటి మీద నాకు ఫిర్యాదు లేదు, కొన్నింటికి నేనూ చందా ఇస్తాను. కానీ గణితంలో పరిశోధన చేసేవాళ్ల కోసం ఏదైనా చేద్దామన్న మాట ఎప్పుడు వచ్చినా అది గోల్డ్ మెడల్ దగ్గరో, డిసెంబరు 22న రామానుజన్ జయంతి సన్మానం దగ్గరో ఆగిపోతుంది. శాలువా కప్పుతాం, జ్ఞాపిక ఇస్తాం, ఫోటో తీసుకుంటాం. ఆ శాలువా కప్పుకున్న మనిషి మర్నాడు పొద్దున్న ఏడున్నరకే కాలేజీ బస్సు ఎక్కి నాలుగు క్లాసులు చెప్పాలన్న సంగతి మాత్రం మనకి పట్టదు.

నేను అడిగేది ఒక్కటే: వాళ్లకి ఖాళీ గంటలు కొనిపెడదాం, అంటే ఒక సెమిస్టరు వాళ్ల క్లాసుల్లో సగం ఇంకొకరు చెప్పడానికి అయ్యే ఖర్చు మనం పెట్టుకుందాం. ఎందుకో, ఎలాగో చెబుతాను.

నేను విజయనగరం ఎం.ఆర్. కాలేజీలో బీఎస్సీ, విశాఖ వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చదివి, పీహెచ్‌డీకి అమెరికా వచ్చినవాణ్ణి. నాతో ఎమ్మెస్సీ చదివిన ఒకావిడ అక్కడే ఉండిపోయింది. చదువులో మా బ్యాచ్‌లో ఆమె ముందు మేమెవరం నిలిచేవాళ్లం కాదు. మెజర్ థియరీలో (పొడవు, వైశాల్యం లాంటి కొలతల గణితం) మేం నోట్సు బట్టీపడుతుంటే, అందులోని షరతు ఒకటి తీసేస్తే సిద్ధాంతం ఎక్కడ కూలుతుందో చెప్పేది. ఇప్పుడు విజయనగరంలో ఉంటూ హైవే పక్కనున్న ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేస్తోంది, పార్ట్ టైమ్‌లో పీహెచ్‌డీకి రిజిస్టర్ చేసుకుంది. ఈమధ్య ఊరెళ్లినప్పుడు ఆమె టైమ్‌టేబుల్ చూపించమన్నాను. నవ్వి, ఫోన్‌లో ఫోటో చూపించింది.

టైమ్‌టేబుల్‌లో కనిపించేవి క్లాసులు మాత్రమే. బీటెక్ మొదటి సంవత్సరం సెక్షన్లు, వాటి ట్యుటోరియళ్లు. కనిపించనివి చాలా ఉన్నాయి. మిడ్ పరీక్షల పేపర్లు తయారుచేయడం, దిద్దడం, మార్కులు పోర్టల్‌లో ఎక్కించడం. తనిఖీ బృందం వస్తుందంటే ఒక్కో ప్రశ్న ఏ కోర్సు ఫలితానికి చెందుతుందో పట్టికలు నింపడం. క్లాసుకి రాని పిల్లల తల్లిదండ్రులకి ఫోన్లు. ఇంకో కాలేజీకి ఇన్విజిలేషన్. ఎండాకాలంలో అడ్మిషన్ల డ్యూటీ, అంటే ఊళ్లమ్మట తిరిగి ఇంటర్ పాసైన పిల్లల ఇళ్లకి వెళ్లి మా కాలేజీలో చేరమని అడగడం. గణితంలో పరిశోధన చేస్తున్న మనిషి మే నెల ఎండలో కరపత్రాలు పట్టుకుని తిరుగుతుంది. ఇది ఏ ఒక్క కాలేజీ కథో కాదు, మన జిల్లాల్లో ప్రైవేటు కాలేజీలో పని చేసిన ఎవరినడిగినా చెబుతారు.

'మరి రీసెర్చ్ ఎప్పుడు?' అనడిగితే, 'లెక్క రాక కాదు బాబూ, దాని దగ్గర కూచునే ఖాళీ ఏదీ?' అంది. ఆవిడ థీసిస్‌లో కాస్త గట్టి ఫలితం అనదగ్గది వచ్చింది దసరా సెలవుల్లోనట. ఊరంతా పైడితల్లి సిరిమాను జాతర హడావుడిలో ఉంటే తలుపులు వేసుకుని కూర్చుందట.

శ్రీకాకుళం వైపు ఇంకో రకం ఇబ్బంది. ఎచ్చెర్లలోని అంబేడ్కర్ విశ్వవిద్యాలయం 2008లో వచ్చింది. అంతకుముందు ఆ జిల్లా పిల్లలకి పీజీ దాటి చదవాలంటే చాలావరకు విశాఖే దిక్కు. ఇప్పుడు నాగావళి దాటి కాస్త దూరం వెళితే చాలు. టెక్కలి వైపు కుర్రాడొకడు పరిచయమయ్యాడు. ఫుల్ టైమ్ పరిశోధన చేస్తున్నాడు, నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష రాసి తెచ్చుకునే పరిశోధక ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్ లేదు. జేఆర్‌ఎఫ్ ఉంటే 2023 నుంచి నెలకి 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత 42,000. అది లేనివాళ్లకి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) ఇచ్చే 8,000 రూపాయల ఫెలోషిప్ కేంద్రీయ విశ్వవిద్యాలయాల వాళ్లకే. రాష్ట్ర విశ్వవిద్యాలయంలో చేరినవాడికి అదీ లేదు. అందుకని ఈ కుర్రాడు తెల్లవారి ఆరింటి నుంచి ఒక ఇంటర్ కాలేజీలో ఎంసెట్ క్లాసులు చెబుతాడు. పరీక్ష పేరు మారినా మనకి అది ఎంసెట్టే. సాయంత్రం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఇళ్లకి వెళ్లి ట్యూషన్లు చెబుతాడు. 'మాస్టారూ, నెట్‌కి చదివితే థీసిస్ ఆగిపోతోంది, థీసిస్ మీద కూర్చుంటే ట్యూషన్లు పోతున్నాయి, ట్యూషన్లు పోతే రూమ్ అద్దె పోతోంది' అన్నాడు. ఏడుపు మొహం పెట్టి చెప్పలేదు, మామూలుగా చెప్పాడు. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

ఇక్కడ చాలామంది అనుకునేది వేరే. మన ఊళ్లో పరిశోధన జరగకపోవడానికి పుస్తకాలు లేవు, జర్నళ్లు లేవు, గైడ్లు లేరు అనుకుంటారు. నేను చదివే రోజుల్లో అందులో నిజం ఉండేది. ఒక పేపరు జిరాక్స్ కోసం వాల్తేరు లైబ్రరీ చుట్టూ తిరిగేవాళ్లం. ఇప్పుడు గణితంలో కొత్తగా వచ్చే పేపర్లలో చాలా భాగం ఆర్కైవ్ సైట్లో ఉచితంగా దొరుకుతాయి. 2025 జనవరి నుంచి 'ఒకే దేశం ఒకే చందా' పథకం కింద ప్రభుత్వ విద్యాసంస్థలకి వేల జర్నళ్లు అందుతున్నాయి. ప్రైవేటు కాలేజీలు మొదటి విడతలో లేవు, అది లోటే. అయినా గణితానికి ల్యాబ్ అక్కర్లేదు, రసాయనాలు అక్కర్లేదు. ఎచ్చెర్లలో కూర్చున్నవాడికీ ప్రిన్స్‌టన్‌లో కూర్చున్నవాడికీ సామగ్రిలో తేడా బాగా తగ్గిపోయింది. వేళ దగ్గర మాత్రం తేడా అలాగే ఉంది.

అమెరికాలో గణిత పీహెచ్‌డీ విద్యార్థి బతుకేమీ పూలపాన్పు కాదు. అక్కడా పాఠం చెప్పే చదువుకోవాలి. ఇంజనీరింగ్ శాఖలకి ఉన్నంత ప్రాజెక్టు డబ్బు గణిత శాఖలకి ఉండదు. కానీ యూనివర్సిటీలో చేరే ఇంజనీరింగు వాళ్లకి, బయాలజీ వాళ్లకి, ఎకనామిక్స్ వాళ్లకి కాల్‌క్యులస్ కావాలి. వేలమందికి ఆ పాఠం చెప్పడానికి, హోంవర్కులు దిద్దడానికి మనుషులు కావాలి. ఆ పనిలో పీహెచ్‌డీ విద్యార్థుల్ని పెట్టుకుని, ఫీజు మాఫీ చేసి, నెలనెలా జీతం లాంటిది ఇస్తారు. నా పీహెచ్‌డీకి అన్నం పెట్టింది కాల్‌క్యులసే. మొదటి రెండేళ్లూ పొద్దున్న పిల్లలకి సమాకలనం చెప్పి, రాత్రి క్వాలిఫయింగ్ పరీక్షలకి ఆల్జీబ్రా, అనాలిసిస్ చదువుకునేవాణ్ణి. తొలి సెమిస్టర్ ఫీడ్‌బ్యాక్‌లో విద్యార్థులు రాసిందాంట్లో సగం నా ఉచ్చారణ గురించే.

కానీ అక్కడ ఒక గీత ఉంది. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీదున్నవాడు సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకి మించి పని చేయకూడదు. అందుకే టీచింగ్ అసిస్టెంట్ పని కూడా ఆ ఇరవై లోపలే కడతారు. ఆ ఇరవైలోనే క్లాసు, దిద్దడం, ఆఫీసు అవర్లు అన్నీ. మిడ్‌టర్మ్ వారాల్లో నలిగిపోయిన మాట నిజమే. అయితే మిగిలిన వేళ నాది అని నాకు తెలుసు, మా డిపార్ట్‌మెంట్‌కీ తెలుసు. శుక్రవారం మధ్యాహ్నం నన్ను పిలిచి ఎవరూ పట్టిక నింపమనలేదు. నేను డాక్టరేట్ పూర్తి చేయడానికి ఆ గీత ఎంత కారణమో నా తెలివి అంత కారణం కాదని, విజయనగరంలో ఆ టైమ్‌టేబుల్ చూశాక ఇంకా గట్టిగా అనిపించింది.

మన దగ్గర గీతలు లేవా అంటే, కాగితం మీద బాగానే ఉన్నాయి. 2022 యూజీసీ పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం ఏ సబ్జెక్టు పరిశోధకుడైనా బోధనలో శిక్షణ పొందాలి. వారానికి 4 నుంచి 6 గంటలు ట్యుటోరియళ్లు, ల్యాబు, మూల్యాంకనం లాంటి పని ఇవ్వొచ్చు. ఎంతో సబబైన అంకె. ఇక 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి వారానికి 16 గంటల క్లాసులు. మా స్నేహితురాలు యూనివర్సిటీ రికార్డులో పరిశోధక విద్యార్థి, కాలేజీ రికార్డులో అసిస్టెంట్ ప్రొఫెసర్. మొదటి అంకె ఆమెకి వర్తించదు, రెండోది వర్తిస్తుంది, కాలేజీ దాన్నీ దాటుతుంది. దీనికంటే నవ్వు తెప్పించేది ఇంకొకటుంది. పార్ట్ టైమ్ పీహెచ్‌డీలో చేరాలంటే ఉద్యోగమిచ్చిన సంస్థ నో అబ్జెక్షన్ సర్టిఫికెట్ ఇవ్వాలి. అందులో ఏముండాలో అవే నిబంధనలు చెబుతాయి: ఈ ఉద్యోగి విధులు పరిశోధనకి తగినంత సమయం కేటాయించడానికి వీలిస్తాయి అని, అవసరమైతే కోర్సు వర్క్ పూర్తిచేయడానికి విధుల నుంచి విడుదల చేస్తామని. అంటే 'తగినంత సమయం' ఉందని ప్రతి కాలేజీ ముందే సంతకం పెట్టేసింది. ఆ కాగితం ఫైల్లోకి పోయాక దాన్ని మళ్లీ ఎవరూ తీసి చదవరు.

వేళ ఉంటే చాలా, అది ఎలా ఉన్నా పరవాలేదా? సాఫ్ట్‌వేర్‌లో ఉన్న నా మిత్రులు అంటుంటారు, రోజుకో గంట పెట్టినా ఏడాదికి మూడువందల గంటలు అవుతుంది కదా అని. కూడిక తప్పు కాదు. పరిశోధన అలా కూడదు, అంతే. ఒక రుజువులో నిన్న ఎక్కడ ఆగామో అక్కడికి తిరిగి చేరడానికే ముప్పావు గంట పడుతుంది. ఏ లెమ్మా (రుజువులో మెట్టులాంటి చిన్న ఫలితం) ఎందుకు పెట్టుకున్నాం, ఏ ఉదాహరణ దగ్గర అడ్డం తగిలింది, ఆ అసమానతలో స్థిరాంకం దేని మీద ఆధారపడుతుంది, ఇవన్నీ ఒకేసారి బుర్రలోకి రావాలి. కట్టెల పొయ్యి ఆరిపోతే మళ్లీ మొదటి నుంచి ఊదుకున్నట్టు. ఎసరు కాగేసరికి బెల్లు మోగుతుంది, తర్వాతి సెక్షన్‌కి పోవాలి. ఇలాంటి గంటలు మూడువందలు కూడినా, ఎడతెగని పది రోజులతో సరిపోవు.

దీనివల్ల ఏం జరుగుతుందో బయటివాళ్లకి కనిపించదు. వేళ తగ్గితే పరిశోధన తగ్గుతుంది అనుకుంటాం. అంతకంటే ముందు జరిగేది వేరే: చేసే పరిశోధన రకమే మారిపోతుంది. ముక్కలు ముక్కలు వేళలో చేయగలిగిన గణితం ఒకటుంది. ఉన్న నిర్వచనంలో ఒక షరతు సడలించి, పాత సిద్ధాంతాలు ఇప్పుడూ నిలుస్తాయా అని ఒక్కొక్కటీ సరిచూడడం. లీజర్ పీరియడ్‌లో ఒక సిద్ధాంతం, సాయంత్రం బస్సులో ఇంకొకటి. అది పనికిమాలిన పని అనడం లేదు, గణితంలో దానికీ చోటుంది. కానీ మనిషి జీవితమంతా దానికే పరిమితమైతే, అతనికి అదే చేతనవును అని మనం తీర్పు చెప్పేస్తాం. స్కోపస్ అనే అంతర్జాతీయ జాబితాలోని పత్రికల్లో పేపర్లు ఎన్ని అని అడిగే ఇంటర్వ్యూ బోర్డులు కూడా ఆ దారిలోకే తోస్తాయి. థీసిస్‌కి ముందు పేపర్ వేసి తీరాలన్న షరతుని యూజీసీ 2022లోనే తీసేసింది. ఉద్యోగాల దగ్గర మాత్రం పేపర్ల లెక్క పోలేదు. డబ్బు కడితే అచ్చేసే పత్రికలు బతికేది ఇలాంటి ఇరుకులోనే.

మన ప్రాంతానికి ఆ తెలివి లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 1981లో ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి యు.ఎం. స్వామి, జి.సి. రావు కలిసి ఆస్ట్రేలియన్ మాథమాటికల్ సొసైటీ జర్నల్‌లో 'ఆల్మోస్ట్ డిస్ట్రిబ్యూటివ్ లాటిస్' అనే భావనను ప్రతిపాదించారు. లాటిస్ అనేది ఒక బీజగణిత నిర్మాణం. అందులో రెండు పరిక్రియలుంటాయి, క్రమం మార్చినా ఫలితం మారదు. డిస్ట్రిబ్యూటివ్ లాటిస్ అయితే విభాగ న్యాయాలు కూడా వర్తిస్తాయి. క్రమం మారితే ఫలితం మారనివ్వండి, విభాగ న్యాయాల్లో ఒకదాన్ని కూడా వదిలేయండి, మిగిలిన నియమాలతో ఎంత దూరం వెళ్లగలం అన్నది వాళ్ల ప్రశ్న. చాలా దూరమే వెళ్లగలిగారు. ఉత్తరాంధ్ర నుంచి తర్వాత వచ్చిన గణిత థీసిస్‌లలో ఎన్నో ఆ పేపరు మీద నిలబడినవే. సరైన ప్రశ్న పట్టడమే అక్కడ అసలు పని. దాని తర్వాత సరిచూడడం ఎవరైనా చేస్తారు. ఆ ప్రశ్న పట్టడానికి ఎడతెగని వేళ కావాలి. అది లేకే తర్వాతివాళ్లలో చాలామంది సరిచూడడం దగ్గర ఆగిపోయారని నా అభిప్రాయం. నాతో విభేదించేవాళ్లు ఉంటారు, వాల్తేరులో మా మాస్టార్లలోనే ఉంటారు.

ఇంకొంచెం వెనక్కి వెళితే గణితవేత్త మీనాక్షిసుందరం కథ ఉంది. కేరళలో పుట్టి, మద్రాసులో చదివి, వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన మనిషి. 1940ల చివర్లో ప్రిన్స్‌టన్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ అడ్వాన్స్‌డ్ స్టడీలో ఉండే అవకాశం వచ్చింది. ఆ సంస్థలో విద్యార్థులు లేరు, క్లాసులు లేవు, పేపర్లు దిద్దడం లేదు. అక్కడ స్వీడన్ గణితవేత్త ప్లేయెల్‌తో కలిసి చేసిన పని 1949లో కెనడియన్ జర్నల్ ఆఫ్ మాథమాటిక్స్‌లో వచ్చింది. ఒక వక్రమైన జాగాలో లాప్లాస్ ఆపరేటర్ (అవకలనంతో చేసే ఒక ప్రక్రియ) ఐగెన్ విలువలు, అంటే దానికి చెందిన ప్రత్యేక సంఖ్యలు, తెలిస్తే ఆ జాగా ఘనపరిమాణం గురించి, వంపు గురించి ఏం చెప్పవచ్చో ఆ పేపరు చూపిస్తుంది. ఈ డెబ్బై ఏళ్ల పైచిలుకులో జ్యామితిలో, భౌతికశాస్త్రంలో దాన్ని వాడుకున్నవాళ్లు ఎందరో. ఆ ఫలితానికి ఇప్పటికీ ఆ ఇద్దరి పేరే.

మా స్నేహితురాలు ప్రతి ఏడాదీ మొదటి సంవత్సరం పిల్లలకి చెప్పే పాఠం కూడా ఐగెన్ విలువలే. మూడు వరసల మాత్రిక ఇచ్చి లక్షణ సమీకరణం రాయమంటుంది. వాల్తేరు మాస్టారు ఇదే ఐగెన్ విలువల మీద ప్రపంచానికి పనికొచ్చే పని చేశాడని ఆ పిల్లలకి చెబుతుందట. తెలివి వాల్తేరులోనే ఉంది. కొన్నాళ్లు ఎవరో వేళ ఇప్పించారు.

ఇదంతా చదివి, పరిశోధకుల్ని క్లాసుల నుంచి తప్పించేయమంటున్నానని అనుకోవద్దు. నేను దానికి పూర్తి వ్యతిరేకిని. పాఠం చెప్పడం వల్ల పరిశోధనకి ఐడియాలు వస్తాయని అందరూ అంటారు. నా అనుభవంలో మొదటి సంవత్సరం కాల్‌క్యులస్ నుంచి నాకు ఒక్క థీసిస్ ఐడియా రాలేదు. కానీ పీహెచ్‌డీలో నెలల తరబడి ఏమీ కదలని కాలం ఉంటుంది. రాసినదంతా కొట్టేసుకునే కాలం. అప్పుడు పొద్దున్న తొమ్మిదింటికి ముప్పై మంది పిల్లల ముందు నిలబడి, వాళ్లకి అర్థంకానిది అర్థమయ్యేలా చెప్పగలిగితే, మనం పూర్తిగా వృథా కాదని తెలుస్తుంది. టీచింగ్ లేని ఫెలోషిప్ దొరికిన నా తోటివాళ్లు కొందరు ఆ ఏడాదే ఎక్కువ దిగులు పడ్డారు.

విజయనగరం, శ్రీకాకుళం క్లాసుల్లో ఇంకో సంగతి ఉంది. అక్కడ కూర్చునే పిల్లల్లో చాలామంది ఇళ్లలో డిగ్రీ చదివే మొదటి తరం. ఉద్దానం నుంచి, కొండల మీద ఊళ్ల నుంచి, తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు. ఇంటర్‌లో షార్ట్‌కట్లు బట్టీపట్టి వస్తారు. జవాబు తెలుసు, ఎందుకో తెలియదు. వాళ్లకి సగటు విలువ సిద్ధాంతం చెప్పాలంటే పాఠాన్ని మళ్లీ కొత్తగా తయారు చేసుకోవాలి. పరిశోధన చేసే మనసున్న మాస్టారు ముందుంటే 'ఎందుకు' అనే ప్రశ్న క్లాసులోకి వస్తుంది. అలాంటివాళ్లని క్లాసులోంచి తీసేస్తే నష్టపోయేది ఆ పిల్లలే. కాబట్టి నేను అడిగేది పదహారుని సున్నా చేయమని కాదు. ఎనిమిది చేయమని. అదీ ఒక్క సెమిస్టరుకి.

ఇక డబ్బు. యూజీసీ 2019లో గెస్ట్ ఫ్యాకల్టీకి క్లాసుకి 1,500 రూపాయల గౌరవ వేతనం ఖరారు చేసింది, నెలకి 50,000 మించకుండా. మన జిల్లాల్లో ప్రైవేటు కాలేజీలు ఇచ్చేది ఇంతకంటే తక్కువే, అయినా ఈ లెక్కే వేద్దాం. వారానికి 8 క్లాసులు ఇంకొకరికి అప్పగిస్తే, 16 వారాల సెమిస్టరుకి 128 క్లాసులు. మొత్తం 1,92,000 రూపాయలు. డాలర్లలో రెండు వేలు దాటి కొద్దిగా. మన కన్వెన్షన్‌కి పిలిచే సినిమా అతిథి బిజినెస్ క్లాసు టికెట్టు ఇంతలో వస్తే నాకూ చెప్పండి, ఆ ట్రావెల్ ఏజెంటు నంబరు తీసుకుంటాను. ఆ గెస్ట్ క్లాసులు ఎవరికి వెళ్తాయో కూడా చూడండి. టెక్కలి కుర్రాడిలాంటి వాళ్లకే. పొద్దున్న ఆరింటికి ఎంసెట్ బిట్లు చెప్పే బదులు డిగ్రీ స్థాయి లీనియర్ ఆల్జీబ్రా చెబుతాడు, వారానికి ఎనిమిది గంటలతో అద్దె గడుస్తుంది. ఒకే డబ్బుతో ఇద్దరికి గంటలు వస్తాయి.

కాలేజీలు డబ్బు తీసుకుని పాత పని పాతగానే చేయిస్తాయి అని మా కమిటీలో ఒక పెద్దాయన అన్నారు. ఆయన చెప్పింది కొట్టిపారేసే మాట కాదు. క్లాసులు ఎనిమిది తగ్గించి, 'ఎలాగూ ఖాళీయే కదా' అని తనిఖీ ఫైళ్లు అప్పగించే కాలేజీలు ఉంటాయి. అందుకే ఒప్పందంలో రాయాల్సింది క్లాసుల సంఖ్య ఒక్కటే కాదు. వారంలో ఏ రెండు రోజులు ఆ మనిషి కాలేజీకి రానక్కర్లేదో రాయాలి. అడ్మిషన్ల డ్యూటీ ఉండదని రాయాలి. ఆ నో అబ్జెక్షన్ సర్టిఫికెట్ నకలు జత చేయాలి, అందులో తాము సంతకం పెట్టిన వాక్యమే ఇది అని గుర్తు చేయడానికి. సగం డబ్బు మొదట్లో, మిగిలిన సగం సెమిస్టర్ మధ్యలో పరిశోధకురాలు స్వయంగా పంపే టైమ్‌టేబుల్ చూశాక. ప్రిన్సిపాల్ పంపేది కాదు.

చట్టం సంగతి కూడా ముందే చూసుకోవాలి. ఇక్కడ రిజిస్టరైన సంఘం సొమ్ము అక్కడి కాలేజీకి పంపాలంటే 2010 విదేశీ విరాళాల నియంత్రణ చట్టం అడ్డొస్తుంది. ఆ చట్టం కింద రిజిస్ట్రేషనో, ముందస్తు అనుమతో ఉన్న సంస్థకే పంపగలం. అది ఉన్న ట్రస్టుతోనో కాలేజీతోనో మొదలుపెట్టడం తేలిక. మన ఆడిటర్‌ని ముందు అడుగుదాం.

ఇంకో అభ్యంతరం, ఇది మన ఇళ్లలోంచే వస్తుంది: గణితంలో పీహెచ్‌డీ చేసి ఏం చేస్తారు, డేటా సైన్స్ నేర్పిస్తే ఉద్యోగాలొస్తాయి కదా. మన పిల్లల్ని శనివారాలు మాథ్స్ క్లాసులకి దింపి కార్లో కూర్చుని ఎదురుచూసే మనమే ఈ మాట అంటాం. ఆ డేటా సైన్స్‌కి కావాల్సిన గణితంలోనూ ఐగెన్ విలువలు ఉన్నాయి. విజయనగరంలో ఆ పాఠం బాగా చెప్పే మనిషి ఉండాలా వద్దా అన్నదే ప్రశ్న. సి.ఆర్. రావుగారు వాల్తేరులో గణితంలో ఎమ్మే చేశాకే కలకత్తా వెళ్లి స్టాటిస్టిక్స్‌లో అంత పేరు తెచ్చుకున్నారు. ఆయన ఫోటో మన సావనీర్లలో వేసుకుంటాం. 2023లో ఆయనకి అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి వస్తే వాట్సాప్ గ్రూపుల్లో మెసేజ్‌లు ఆగలేదు. ఆయనకి గణితం చెప్పిన వాల్తేరు మాస్టార్ల గురించి ఒక్క మెసేజ్ రాలేదు.

వచ్చే బడ్జెట్ సమావేశంలో దీన్ని పెట్టమని కార్యవర్గాన్ని అడుగుతున్నాను. రెండు స్థానాలు చాలు, విజయనగరానికి ఒకటి, శ్రీకాకుళానికి ఒకటి. దరఖాస్తులో మార్కుల జాబితా అడగొద్దు, పేపర్ల సంఖ్య అడగొద్దు. ఇప్పటి టైమ్‌టేబుల్ జతచేయమనండి, వేళ దొరికితే ఏ ప్రశ్న మీద కూర్చుంటారో ఒక పేజీ రాయమనండి. ఆ పేజీలు చదవడానికి ఈ దేశంలో గణితం చెప్పే తెలుగువాళ్లు దొరుకుతారు, నేను ఉన్నాను. మూడేళ్లు నడిపి, ఆ ప్రశ్నల మీద పని కదిలిందో లేదో వాళ్లనే రాసి పంపమందాం. కదలకపోతే ఆపేసి, ఆ డబ్బు మళ్లీ సైకిళ్లకి పెట్టండి.